చెనక్కాయకు నూనె అయితే చెరుకుకు ఏది?

అనంతపురం నుంచి (టీచరు):
పిల్లలకు రీజనింగ్‌లో పదాల పోలికలు చెప్తున్నా. "చెనక్కాయ : నూనె :: చెరుకు : ?" అని ఇచ్చి, కింద రసం, బెల్లం, చక్కెర, పిప్పి పెట్టినా. చానామంది బెల్లం అన్నారు. తప్పు కొట్టడానికి చెయ్యి రాలా. పెద్దలు ఏమంటారు?

కర్నూలు నుంచి:
మేడమ్, ముందు ఆ చుక్కలను వాక్యం చేయించండి. విభక్తినీ క్రియనూ మింగేసి ఉత్త నామవాచకాలు మన ముందు పెడతారు, అంతే. "చెనక్కాయ నుంచి నూనె వస్తుంది" అనేది మరీ వదులు వాక్యం. అందులో నాలుగు జవాబులూ దూరిపోతాయి. ఒకటికి మించి దూరితే ఇంకా బిగించాల. "గానుగాడిస్తే నేరుగా కారేది" అనండి. బెల్లం తప్పుకుంటుంది. దానికి పొయ్యి కావాల, పెనం కావాల, పాకం ముదరాల. చక్కెరకు ఫ్యాక్టరీనే కావాల. పిప్పి కారేది కాదు, మిగిలేది. ఉండేది రసమే.

కడప నుంచి:
అంతా బాగుందిగానీ, చెనక్కాయను కాయగానే గానుగలో ఎవరేస్తారన్నా? ఒలిచి గింజలు కదా వేసేది! ఇంకోటి, ఆ పిప్పిని ఊరికే పోనీయొద్దు. "చెనగ్గింజ : చెక్క :: చెరుకు : పిప్పి" అని ఇంకో ప్రశ్న వస్తుంది. నూనె తీసినాక మిగిలేది చెక్క, రసం తీసినాక మిగిలేది పిప్పి.
మా ఊరిది ఒకటి చెప్పండి చూద్దాం. కర్నూలు : హంద్రీ :: కడప : ? పెన్న, కుందూ, పాపాఘ్ని, బుగ్గవంక.

కర్నూలు నుంచి:
బుగ్గవంక. "ఊరి దగ్గరి నది" అనుకునేవాళ్లు పెన్న దగ్గర బోల్తా పడతారు. హంద్రీ మా ఊళ్లో పారి తుంగభద్రలో కలుస్తుంది, బుగ్గవంక మీ ఊళ్లో పారి పెన్నలో కలుస్తుంది. తుంగభద్ర అని ఇచ్చింటే అప్పుడు పెన్న సరిపోయేది.

కడప నుంచి (తెలుగు పండితులు, రిటైర్డు):
ఉపమాలంకారం చదివినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం నాలుగూ ఉంటే పూర్ణోపమ. ఈ ప్రశ్నల్లో ధర్మాన్ని దాచిపెట్టి మనల్ని వెతుక్కోమంటారు. కాకపోతే ఇక్కడ పోల్చేది వస్తువుకు వస్తువును కాదు, ఒక సంబంధానికి ఇంకో సంబంధాన్ని. అరిస్టాటిల్ ఇచ్చిన ఉదాహరణ కూడా ఆ తీరుదే: బతుకుకు ముసలితనం ఎట్లో పగటికి సాయంకాలం అట్ల. అమెరికాలో శాట్ పరీక్ష నుంచి 2005లో ఈ ప్రశ్నలు తీసేసినారు. మన పోటీ పరీక్షల్లో ఇంకా వస్తానే ఉన్నాయి, నాకైతే సంతోషమే.
వరుస కూడా చూడమనండి. "కుమ్మరి : కుండ" అని ఇస్తే "చెప్పులు : చెప్పులు కుట్టేవాడు" జోడీ కాదు. చేసేవాడు ముందుంటే రెండోవైపూ ముందే ఉండాల. తెలివైన పిల్లలు కూడా తొందరలో పట్టుకోలేనిది ఇదే.

అనంతపురం నుంచి (టీచరు):
కాయను గింజ అని దిద్దుకుంటా సార్. మరి బెల్లం రాసినోళ్లకు మార్కు?

కడప నుంచి (తెలుగు పండితులు, రిటైర్డు):
వేసేయమ్మా. వాళ్ల వాక్యం ఏమిటో అడిగి, పొంతన ఉంటే వేసేయ్. వదులు ప్రశ్న ఇచ్చింది మనం. బెల్లమే జవాబు కావాలంటే "పాలు : కోవా :: చెరుకు రసం : ?" అని ఇవ్వు. రెండూ మరగబెట్టి దగ్గరికి చేసేవే.