అప్‌డేట్: బతుకమ్మ పండుగప్పుడు డైరీ రాస్తే నిద్ర పట్టకపోవడం, సంగతి తేలింది

పండుగ మొదటి రోజు ఎంగిలిపూల నాటి నుంచి రాత్రి డైరీ రాస్తే దిగులు పెరిగి నిద్ర పడ్తలేదు, ఆపేయాల్నా అని అడిగిన. జవాబిచ్చినోళ్లందరికీ థాంక్స్. టైం మార్చమన్న సలహానే పనిచేసింది. హన్మకొండలో కౌన్సెలర్ కూడా అదే అన్నరు, రాసినంక కాసేపు మనసు బరువెక్కడం మామూలేనట, అందుకే పడుకునే ముందు వద్దు. ఇప్పుడు పొద్దుగాల, తంగేడు, గునుగు పేర్చకముందే, 15 నిమిషాలకు అలారం పెట్టి రాస్తున్న. "బాధగా ఉంది" అని వదిలేయకుండా, దేనికి, ఒంట్లో ఎక్కడ అన్నది రాయాలె: "సద్దులకు నువ్వులు దంచుతుంటే అమ్మ యాదికొచ్చింది, గొంతు పట్టేసింది." అదే వాక్యం రోజూ తిరిగొస్తుంటే మాత్రం పెన్ను పక్కనపెట్టి ఎవరితోనన్నా మాట్లాడాలె. మూడ్ యాప్, ఖరీదు నోట్‌బుక్ రెండూ దండగ. పాత పేజీలు చదవాలంటే అలిగిన బతుకమ్మ రోజు మంచిది, ఆ రోజు ఆట ఉండదు కదా.