వైండప్ అంటే ముగించడమేనా?

"వైండప్"కి తెలుగు ఏమిటని అడిగిన ప్రశ్నకి జవాబులన్నీ "ముగించు" దగ్గరే ఆగిపోయాయి, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. ముగించు తప్పేం కాదు. కానీ మీటింగ్‌కి సరిపోయినట్టు కంపెనీకి సరిపోదు, "వుయ్ వౌండప్ ఇన్ విజయవాడ" లాంటి వాక్యానికైతే అసలు పనికిరాదు.

ముందు ఉచ్చారణ. గాలి అయితే విండ్, ఈ క్రియ మాత్రం వైండ్, భూతకాలంలో వౌండ్. గాయానికి ఇంగ్లీషులో వాడే మాటకీ ఇదే స్పెల్లింగ్, కానీ దాన్ని ఊండ్ అని పలకాలి. చుట్టడం, తిప్పడం దీని అసలు అర్థం. నూలు చుట్టినా, పాత గోడ గడియారానికి కీ ఇచ్చినా ఇదే క్రియ, అందుకే గడియారాన్ని వైండప్ చేస్తే నడవడం మొదలుపెడుతుంది, మీటింగ్‌ని వైండప్ చేస్తే అయిపోతుంది. బ్రిటన్‌లో ఎవరినైనా వైండప్ చేయడమంటే కావాలని ఉడికించడం. మనిషి "వౌండప్"గా ఉన్నాడంటే టెన్షన్‌తో బిగుసుకుపోయి ఉన్నాడని.

చుట్టడంతో ముగింపుని చెప్పడం మనకీ ఉంది, అయితే మన దగ్గర దాని రుచి వేరు. "పని చుట్టేశాడు", "సెకండాఫ్ చుట్టేశారు" అంటే హడావిడిగా, శ్రద్ధ లేకుండా కానిచ్చేశారని నింద. కాబట్టి షూటింగ్ చక్కగా పూర్తయిందన్న వార్తలో "వ్రాప్ అప్" అని ఉంటే "చుట్టేశారు" అని రాయకండి, అర్థం తారుమారవుతుంది. దానికి సినిమావాళ్ల మాటే ఉంది, గుమ్మడికాయ కొట్టారు. మొదలుపెట్టేటప్పుడు కొబ్బరికాయ, పూర్తయ్యాక గుమ్మడికాయ.

"మంగళం పాడటం" కూడా అలాగే మారిపోయింది. కచేరీ చివర మంగళం పాడటం శుభమైన ముగింపు, కానీ ఇప్పుడు "ఆ పథకానికి మంగళం పాడారు" అంటే పనికొచ్చేదాన్ని ఎత్తేశారన్న ఫిర్యాదు. పూజ చివర దేవుడికి చెప్పే ఉద్వాసన, పదవిలోంచి తీసేయడానికి మాటైంది. మీటింగ్‌లో మర్యాదగా అనాలంటే "ఇక ముగిద్దామండీ", బాగా దగ్గరివాళ్ల మధ్యయితే "ఇక చాలిద్దాం" సరిపోతుంది.

నాకు నిజంగా బాధ కలిగించేది కంపెనీల విషయం. వైండింగ్ అప్ అని కనబడగానే "దివాలా" అని అనువదించేస్తున్నారు. దివాలా అంటే అప్పులు తీర్చలేని స్థితి. వైండింగ్ అప్ అంటే ఆస్తులు అమ్మి, బాకీలు తీర్చి, మిగిలింది వాటాదారులకి పంచే ప్రక్రియ. బాకీలన్నీ తీర్చగల కంపెనీ కూడా ఇక వ్యాపారం వద్దనుకుని స్వచ్ఛందంగా మూసుకోవచ్చు. 2013 కంపెనీల చట్టం 271వ సెక్షన్ చూడండి. కంపెనీయే ప్రత్యేక తీర్మానం చేసుకోవడం, మోసం, వరసగా ఐదేళ్లు లెక్కలు దాఖలు చేయకపోవడం లాంటివన్నీ కంపెనీ కేసులు చూసే ట్రైబ్యునల్ మూసివేతకి ఆదేశించదగ్గ కారణాలు. అప్పులు తీర్చలేకపోవడం అనే కారణాన్ని అందులోంచి తీసేశారు, దాని సంగతి 2016లో వచ్చిన దివాలా స్మృతి, అంటే దివాలాకి సంబంధించిన ప్రత్యేక చట్టం చూసుకుంటుంది. పైగా వైండింగ్ అప్ ఆదేశం వచ్చిన రోజే కంపెనీ మాయమైపోదు, ప్రక్రియంతా పూర్తయ్యాక రద్దు ఉత్తర్వు వస్తేనే దాని ఉనికి పోతుంది. అందుకని "మూసివేత ప్రక్రియ" అనడమే న్యాయం. దివాలా అని రాస్తే, ఎవరికీ బాకీ పడకుండా పద్ధతిగా మూసుకున్నవాళ్లకి కూడా మచ్చ తగులుతుంది.

ఈ తేడాలు తెలుగుకి కొత్తేం కాదు, మన బజారు భాషలో ఎంత స్పష్టంగా ఉన్నాయో చూడండి. రాత్రి కొట్టు కట్టేయడం వేరు, మళ్లీ పొద్దున్నే తెరుస్తారు. దుకాణం ఎత్తేయడం శాశ్వతం. జనం డబ్బుతో రాత్రికి రాత్రి పారిపోతే బోర్డు తిప్పేయడం. అప్పులపాలై కోర్టుకెక్కితే ఐపీ పెట్టడం, ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ అన్న మాట రెండక్షరాలై ఊరూరా స్థిరపడిపోయింది. ఒక్క "ముగించు"తో ఇవన్నీ ఎలా చెబుతాం?

ఇక విజయవాడ వాక్యం. ఇక్కడ వైండప్, ఎండప్ దాదాపు ఒకటే, అనుకోకుండా ఒక చోటికో స్థితికో చేరడం. దీనికి మన "తేలడం" కంటే మంచి మాట నాకు తోచలేదు: "తిరుపతి వెళ్దామని బయల్దేరి చివరికి విజయవాడలో తేలాం". తర్వాత క్రియ వస్తే ఇంగ్లీషులో దానికి "ఇంగ్" చేర్చాలి. "ఎండెడప్ టు కుక్" అని రాయడం మనవాళ్లలో తరచూ కనిపించే తప్పు, "ఎండెడప్ కుకింగ్" అనాలి. తెలుగులో "చివరికి నేనే వండాల్సి వచ్చింది" అంటాం. ఫలితం మంచిదైతే మాత్రం "ఆల్సి వచ్చింది" కుదరదు, అందులో బలవంతం ఉంది. అప్పుడు "చివరికి ఆ ఊరే నచ్చేసింది" అన్నట్టు "ఏసింది" వాడండి, అనుకోకుండా జరిగిందన్న భావం దానిలోనే వచ్చేస్తుంది.

"తేలడం"కి మీ వైపు వేరే మాట ఉంటే, వాడే వాక్యంతో సహా రాయండి.