జర్మనీలో మాస్టర్స్ చదువుకు పొలం తనఖా పెట్టవచ్చునా?

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు)
నమస్కారం. మా తమ్ముడు కాకినాడ జేఎన్‌టీయూ అనుబంధ కళాశాలలో మెకానికల్ ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో ఉన్నాడు. జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఫీజు ఉండదని విని, అక్కడ మాస్టర్స్ చేయాలనుకుంటున్నాడు. కానీ ఒక కన్సల్టెన్సీ వారు 15 లక్షలు సిద్ధం చేసుకోమని, మా రెండెకరాల మిరప పొలం తనఖా పెడితే బ్యాంకు అప్పిస్తుందని చెప్పారు. ఫీజు లేనప్పుడు అంత డబ్బు ఎందుకు? పొలం పెట్టడం క్షేమమేనా?

జవాబు (జర్మనీలో చదివిన పటమట వాసి)
ఫీజు లేదన్నది చాలావరకు నిజమేనండీ, కానీ అన్నిచోట్లా కాదు. బాడెన్ వుర్టెంబెర్గ్ రాష్ట్రం 2017 నుంచి ఐరోపా సమాఖ్య బయటి విద్యార్థుల వద్ద సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటోంది. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం కూడా 2024లో ఫీజు మొదలుపెట్టింది. మీరు విన్న పెద్ద మొత్తంలో అధికభాగం బ్లాక్డ్ అకౌంటుదై ఉంటుంది. ఏడాది జీవన వ్యయానికి 11,904 యూరోలు, అంటే సుమారు 12 లక్షల రూపాయలు, వీసాకు ముందే అందులో వేయాలి. అది ఎవరికో కట్టే రుసుము కాదు. మీ తమ్ముడు అక్కడికి చేరాక నెలకు 992 యూరోల చొప్పున అతని చేతికే వస్తుంది. అద్దె, తిండి, ఆరోగ్య బీమా అందులోంచే గడవాలి. విద్యార్థి ఏడాదికి 140 పూర్తి రోజులు పనిచేయవచ్చు గనుక రెండో ఏడాదికి కొంత ఊరట దొరుకుతుంది, కానీ ఆ సంపాదనను నమ్ముకుని మొదటి ఏడాది లెక్క వేయకండి.

డబ్బు కంటే నన్ను కలవరపెట్టేది మరొకటి ఉంది. అక్కడి విశ్వవిద్యాలయాలు మార్కులతో సరిపెట్టుకోవు. గణితం, థర్మోడైనమిక్స్ వంటి విషయాల్లో ఎన్ని క్రెడిట్లు చదివారో సిలబస్ తీసి పోల్చి చూస్తాయి. అందుచేత తమ్ముడు కళాశాలలో ఉండగానే సిలబస్ ప్రతులు సంపాదించాలి. 2022 నవంబరు నుంచి మన విద్యార్థులకు ఏపీఎస్ ధ్రువపత్రం (మన చదువు పత్రాలు అసలైనవేనని జర్మనీ రాయబార కార్యాలయ విభాగం పరిశీలించి ఇచ్చేది) తప్పనిసరి అయింది కనుక, దానికి కూడా ముందుగానే దరఖాస్తు చేయించండి.

జవాబు (విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, సత్యనారాయణపురం)
అమ్మా, పొలం సంగతి నేను చెబుతాను. తనఖా ఆస్తిని కోర్టుకు వెళ్లకుండానే బ్యాంకు స్వాధీనం చేసుకోనిచ్చేది సర్ఫేసీ చట్టం. దాని 31వ సెక్షన్ వ్యవసాయ భూమిని ఆ చట్టం పరిధి నుంచి తప్పించింది. అప్పు మొండిబకాయి అయితే దాన్ని ఆ చట్టం కింద స్వాధీనం చేసుకోలేరు గనుక, విద్యారుణానికి బ్యాంకులు సాధారణంగా ఇల్లో, ఇంటి స్థలమో, డిపాజిట్టో అడుగుతాయి. ప్రభుత్వ బ్యాంకుల్లో సాధారణంగా 7.5 లక్షలు దాటితే తనఖా తప్పదు. పొలం మీద ఎవరైనా సులువుగా అప్పిప్పిస్తామంటే, అది విద్యారుణమా, ఎక్కువ వడ్డీకి ఇచ్చే ప్రైవేటు అప్పా అన్నది కాగితం మీద చూడకుండా నాన్నగారిచేత సంతకం చేయించకండి. చదువుతున్న కాలంలో వాయిదా కట్టనక్కరలేకపోయినా వడ్డీ పెరుగుతూనే ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు
ఇద్దరికీ కృతజ్ఞతలు. మా ఇల్లు నాయనమ్మ పేరున ఉంది. దాన్ని పెట్టవచ్చునా?

జవాబు (విశ్రాంత బ్యాంకు ఉద్యోగి)
పెట్టవచ్చు, కానీ ఆమె స్వయంగా హామీదారుగా సంతకం చేయాలి. ఇల్లు తాతగారి నుంచి వచ్చినదైతే మిగతా వారసుల సమ్మతిని కూడా బ్యాంకు న్యాయవాది అడుగుతారు. ముందుగా లింకు దస్తావేజులు (ఆస్తి చేతులు మారిన పాత పత్రాలు), ఈసీ (ఆస్తి మీది లావాదేవీలు, తనఖాలు చూపే ధ్రువపత్రం) తీసుకుని శాఖకు వెళ్లండి. సంతకం అంటే ఏమిటో నాయనమ్మగారికి మీరే విడమరచి చెప్పండి.