తలపాగా నత్తల కుటుంబం తేల్చాల్సింది మూత చూసా, డీఎన్ఏ చూసా?

బొంగరం77:
టెగ్యులా అనే సముద్రపు నత్తని మొదట ట్రోకిడే అనే కుటుంబంలో పెట్టారు. 2008లో డీఎన్ఏ చూసి తలపాగా నత్తల కుటుంబం టర్బినిడేలో కలిపారు. 2012లో టెగ్యులిడే అని వేరు కాపురం పెట్టించారు. నాలుగేళ్లలో రెండుసార్లు ఇల్లు మారింది పాపం! నత్త లోపలికి ముడుచుకుని గుల్ల నోరు మూసుకునే మూత చూస్తే పోయేదానికి ఇంత రాద్ధాంతం ఎందుకు? తలపాగా నత్తలకి దళసరి సున్నపు మూత, ట్రోకిడే వాటికి గోరులా పల్చటి మూత. టెగ్యులాది గోరు మూతే. కనక ట్రోకిడే. నాకైతే ఇందులో అనుమానం లేదు.

గుల్లలసంచి:
మూత గుర్తుపట్టడానికి పనికొస్తుంది, చుట్టరికం తేల్చడానికి కాదండీ. ఫేసియనెల్లా అనే నత్తకి సున్నపు మూతే ఉంది. 1990లో నత్తల శాస్త్రవేత్తలు హిక్‌మన్, మెక్‌లీన్ దాన్ని టర్బినిడేలోనే పెట్టారు. కానీ గుల్ల లోపల తలపాగా నత్తలకుండే ముత్యపు మెరుపు దానికి ఉండదు. అంగారియా అనే ఇంకో నత్త కథ దీనికి తలకిందులు: గోరు మూత, అయినా అదే వర్గీకరణలో టర్బినిడే. మీ లెక్క ప్రకారం అది అక్కడ ఎలా కూర్చుంది? డీఎన్ఏ చూశాక రెండూ బయటికి వచ్చాయి.

బొంగరం77:
మినహాయింపులు ప్రతిదానికీ ఉంటాయి.

గుల్లలసంచి:
ఒక పని చేయండి. టర్బో పెథొలేటస్ అనే తలపాగా నత్త మూత దొరికితే చేతిలోకి తీసుకోండి. పైన ఉబ్బెత్తుగా, నున్నగా, మధ్యలో ఆకుపచ్చగా, పిల్లి కన్నులా ఉంటుంది. అందరూ అక్కడే ఆగిపోతారు. దాన్ని తిరగేయండి. అడుగు చదునుగా, గోధుమరంగులో, సన్నటి చుట్టుగీతతో కనిపిస్తుంది. అది గోరు పొరే! అంటే సున్నపు మూతంటే గోరు మూత మీద సున్నం పేరుకున్నదే. పాత మూతకి పైపూత వేయడం ఒక్క వంశంలోనే జరగాలని లేదు కదా.

అలపక్క:
మధ్యలో దూరుతున్నా. గందరగోళమంతా డీఎన్ఏ మీదకి తోయకండి. జపాన్‌లో బాగా తినే కొమ్ముల తలపాగా నత్త సజాయే సంగతి చూడండి. దాన్ని అందరూ టర్బో కార్న్యూటస్ అనేవారు. ఆ పేరు 1786లో పెట్టింది చైనా నత్తకి. 1995లో ఆ సంగతి చూసుకోకుండా చైనా దానికి టర్బో చైనెన్సిస్ అని ఇంకో పేరు తగిలించారు. చివరికి జపాన్ నత్తకి చెల్లే పేరే లేదని పాత రాతలు తిరగేసి 2017లో ఫుకుడా అనే శాస్త్రవేత్త తేల్చి, టర్బో సజాయే అని పెట్టారు. నత్త అదే, మూత అదే. మారింది కాగితం.

అన్నట్టు, లాటిన్‌లో టర్బో అంటే బొంగరం, తలపాగా కాదు. మీ పేరు చూసి గుర్తొచ్చింది.

బొంగరం77:
నా పేరుకి ఇంత వంశం ఉందని తెలీదు :) పైపూత మాట ఆలోచించాల్సిందే, ఒప్పుకుంటున్నా. కానీ ల్యూనెల్లా అనే నత్తల సంగతేంటి? మొన్నటిదాకా టర్బో అనే ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపులో) ఉపప్రజాతి, ఇప్పుడు విడి ప్రజాతి. దానికి సున్నపు మూతా ఉంది, ముత్యపు మెరుపూ ఉంది. విడగొట్టాల్సిన అవసరం ఏమొచ్చింది?

గుల్లలసంచి:
అక్కడ మీతో సగం ఏకీభవిస్తాను. ఏది ఏ కొమ్మ మీదుందో డీఎన్ఏ చెబుతుంది. ఆ కొమ్మని ప్రజాతి అనాలా, ఉపప్రజాతి అనాలా అన్నది మనుషులు పెట్టుకున్న గీత. కుటుంబం విషయంలో మాత్రం వెనక్కి తగ్గను.

బొంగరం77:
సరే. నా డబ్బా చీటీ మీద టెగ్యులా అని పెన్నుతో రాస్తా. కుటుంబం గడిలో మాత్రం పెన్సిలే.