డబ్బిచ్చి వచ్చిన గెస్ట్ అని మనకెలా తెలుస్తుంది? పాడ్‌కాస్ట్ స్పాన్సర్డ్ ఎపిసోడ్‌ల మీద మీ అనుభవాలు చెప్పండి

మెట్రో శ్రోత
ఆఫీసుకి వెళ్తూ వస్తూ తెలుగు పాడ్‌కాస్ట్‌లు వినడం నాకు బాగా అలవాటు. మధ్యలో వచ్చే యాడ్‌తో పేచీ లేదు, అది యాడ్ అని తెలుస్తూనే ఉంటుంది, ఇష్టమైతే వింటాం, లేకపోతే ముందుకి జరుపుతాం. కానీ గంటన్నర ఇంటర్వ్యూ మొత్తం యాడ్ అయితే?

ఈమధ్య నాకు నచ్చిన ఒక షోలో సంతాన సాఫల్య కేంద్రం నడిపే డాక్టర్‌గారు వచ్చారు. ఆ హోస్ట్ మామూలుగా ఎవరినైనా గట్టిగా నిలదీస్తాడు, అందుకే వింటాను. ఈ ఎపిసోడ్‌లో మాత్రం సక్సెస్ రేటు ఎంత అని అడిగి, ఆవిడ చెప్పిన అంకె విని, అది ఏ వయసు వాళ్లకి, ఎన్ని సైకిల్స్‌కి (అంటే ఎన్నిసార్లు చికిత్స చేస్తే) అని ఒక్క మాట కూడా అడక్కుండా పక్క ప్రశ్నకి వెళ్లిపోయాడు. ఖర్చు ఊసే లేదు. నెల తిరక్కుండా అదే డాక్టర్‌గారు వేరే చానెళ్లలో కనిపించారు, అవే ప్రశ్నలు, దాదాపు అవే జవాబులు. డిస్క్రిప్షన్‌లో ఆసుపత్రి ఫోన్ నంబరు ఉంది, స్పాన్సర్డ్ అన్న మాట ఎక్కడా లేదు.

మా పెద్దమ్మ కూతురు ఆ ఎపిసోడ్ చూసే అక్కడ అపాయింట్‌మెంట్ తీసుకుంది. "ఆయన షోకి పిలిచారంటే మంచి డాక్టరే అయ్యుంటుంది" అంది. అక్క నమ్మింది హోస్ట్‌ని. నాకు అప్పటి నుంచి ఆ షోలో ఎవరు మాట్లాడినా అనుమానమే, పాత ఎపిసోడ్‌లతో సహా. మీకు ఇలాంటివి ఎదురయ్యాయా, ఎలా కనిపెడుతున్నారు?

ఎడిటింగ్ రూమ్
హైదరాబాద్‌లో ఒక స్టూడియోలో ఎడిటర్‌గా చేశాను కాబట్టి లోపల ఎలా జరుగుతుందో చెప్తాను. అన్ని చోట్లా ఇంతే అని అనను, నేను చూసింది ఇది.

గెస్టులు రెండు రకాలు. మేము పిలిచేవాళ్లు, అంటే సినిమావాళ్లు, ఏదో ఒకటి వైరల్ అయినవాళ్లు. వాళ్ల వల్ల వ్యూస్ వస్తాయి. రెండోవాళ్లు ప్యాకేజీ మీద వచ్చేవాళ్లు. స్టూడియో అద్దె, మా జీతాలు వాళ్ల మీదే నడిచేవి. ప్యాకేజీ అంటే ఫుల్ ఎపిసోడ్, దాంతో పాటు కొన్ని షార్ట్స్, థంబ్‌నెయిల్ వాళ్లే ఓకే చేయాలి, అన్నిటికంటే ముఖ్యంగా అప్‌లోడ్‌కి ముందు వాళ్లకి చూపించి వద్దన్న ముక్కలు తీసేయాలి. ప్రశ్నలు వాళ్ల పీఆర్ మనిషి వాట్సాప్‌లో పంపిస్తాడు.

ఒకసారి ఒక వెంచర్ ఓనర్‌ని మా హోస్ట్ తనంతట తానే "పర్మిషన్లు అన్నీ వచ్చేశాయా సార్" అని అడిగాడు. ఆయన తడబడ్డాడు, ప్రాసెస్‌లో ఉన్నాయన్నాడు. ఎపిసోడ్ మొత్తానికి వినేవాళ్లకి పనికొచ్చే ప్రశ్న అదొక్కటే. రాత్రికల్లా ఫోన్ వచ్చింది, ఆ ముక్క తీసేయమని. తీసేయించారు. మల్టీ కెమెరా షూట్‌లో కట్ కనపడదు, యాంగిల్ మారినట్టు ఉంటుందంతే.

కనిపెట్టడానికి నేను చూసేవి: ఇంట్రోలో డిగ్రీలు, అవార్డులు చదవడం మామూలు కంటే పొడుగ్గా ఉంటుంది. గెస్ట్ చెప్పినదానికి ఎదురు ప్రశ్న ఉండదు. పిన్ చేసిన కామెంట్‌లో ఫోన్ నంబరు ఉంటుంది. కామెంట్లలో విమర్శ పెట్టి మర్నాడు చూడండి, ఉండదు.

సూటిగా
ఇందులో అంత షాక్ అవ్వాల్సింది ఏముంది? టీవీ చానెళ్లలో పొద్దున పూట డాక్టర్ ప్రోగ్రామ్‌లు, జాతకాల ప్రోగ్రామ్‌లు ఎలా వస్తున్నాయనుకున్నారు? స్లాట్ కొనుక్కునే కదా. మనం పైసా కట్టకుండా వింటున్నాం, కెమెరాలకి, మనుషులకి డబ్బులు ఎవరివ్వాలి? వినేవాడికి తన ఆలోచన తనకుండాలి.

మెట్రో శ్రోత
@సూటిగా డబ్బు తీసుకోవద్దని నేను అనలేదే. "ఈ ఎపిసోడ్‌కి ఫలానా ఆసుపత్రి డబ్బులిచ్చింది" అని మొదట్లో ఒక్క వాక్యం చెప్పమంటున్నాను. అది ఎందుకు చెప్పరు? చెప్తే ఆ ఎపిసోడ్‌కి ఉన్న విలువ పడిపోతుందని ఇచ్చినవాళ్లకీ తెలుసు, తీసుకున్నవాళ్లకీ తెలుసు. అసలు విషయమే దాచిపెట్టి, వినేవాడిని ఆలోచించుకో అంటే దేన్ని పట్టుకుని ఆలోచించాలి?

డల్లాస్ నుంచి
ఇది మన దగ్గర మాత్రమే ఉన్న జబ్బు కాదండి. అమెరికాలో పెద్ద షోల్లో కొన్నిటికి గెస్టులు ఎదురు డబ్బు కట్టి వస్తున్నారని, కొందరు 50,000 డాలర్ల దాకా ఇస్తున్నారని 2022లో బ్లూమ్‌బర్గ్ రాసింది. ఇక్కడ వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ (ఎఫ్‌టీసీ) రూల్స్ ప్రకారం డబ్బు చేతులు మారితే వినేవాళ్లకి స్పష్టంగా చెప్పాలి, అయినా చాలామంది చెప్పరు.

హోస్ట్ తన గొంతుతో చదివే యాడ్ సంగతి కూడా మాట్లాడాలి. సాఫ్ట్‌వేర్ మధ్యలో ఇరికించే యాడ్ వేరు, దాని సంగతి హోస్ట్‌కే తెలియకపోవచ్చు, నేను తెలుగు పాడ్‌కాస్ట్ వింటుంటే ఇక్కడి కార్ ఇన్సూరెన్స్ యాడ్ వస్తుంది, దాని వల్ల ఎవరి మీదా నమ్మకం పోదు. "నేను కూడా వాడుతున్నాను, నా జీవితం మారిపోయింది" అని హోస్ట్ చెప్పే యాడ్‌తోనే ఇబ్బంది. బెటర్‌హెల్ప్ అనే ఆన్‌లైన్ థెరపీ కంపెనీ యాడ్ ఇక్కడ వినని పాడ్‌కాస్ట్ శ్రోత ఉండడు. ఎంతోమంది హోస్ట్‌లు తమ మానసిక ఇబ్బందులు చెప్పుకుంటూ మరీ ఆ యాడ్ చదివారు. 2023లో ఎఫ్‌టీసీ ఏం ఆరోపించిందంటే, గోప్యంగా ఉంచుతామని మాటిచ్చి కస్టమర్ల ఆరోగ్య వివరాలను ఆ కంపెనీ ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ లాంటి వాటికి ప్రకటనల కోసం ఇచ్చిందని. 78 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. హోస్ట్‌లు కావాలని మోసం చేశారని నేను అనను, వాళ్లకీ తెలిసుండదు. కానీ డిప్రెషన్‌లో ఉన్న మనిషి ఆ కంపెనీ దగ్గరికి వెళ్లింది ఆ గొంతుని నమ్మే కదా.

ఇక్కడి మన తెలుగు చానెళ్లలో నేను చూసేది ఎక్కువగా ఇమిగ్రేషన్, ట్యాక్స్ ఫైలింగ్, ఇండియాలో ప్లాట్లు. ఖమ్మంలో ఉన్న మా మేనల్లుడు ఎంఎస్ గురించి ఒక ఎపిసోడ్ పంపించి "మామా, ఇందులో చెప్పింది నిజమేనా" అని అడిగాడు. గెస్ట్ ఒక కన్సల్టెన్సీ మనిషి. పార్ట్ టైమ్ ఉద్యోగంతో ఫీజు వచ్చేస్తుందన్నట్టు మాట్లాడాడు. ఎఫ్1 వీసా మీద క్లాసులు జరిగేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని చేయొచ్చు, దాంతో తిండి ఖర్చు గడిస్తే గొప్ప. ఇక్కడ చదివి, అప్పు తీర్చడానికి కష్టపడిన పిల్లలు వేలల్లో ఉన్నారు, వాళ్లలో ఒక్కరిని పక్కన కూర్చోబెట్టినా సరిపోయేది.

తెనాలి అబ్బాయి
ఎడిటింగ్ రూమ్ గారు చెప్పిన వెంచర్ ముక్క చదివి ఒళ్లు మండింది. మా బాబాయి రిటైర్‌మెంట్ డబ్బుల్లో కొంత ఒక ప్రీ లాంచ్ వెంచర్‌కి అడ్వాన్స్ కట్టాడు. బ్రోచర్ చూసి కట్టలేదు, ఒక పాడ్‌కాస్ట్ ఎపిసోడ్ చూసి కట్టాడు. అందులో ఓనర్ తన చిన్నప్పటి పేదరికం, అమ్మ పడ్డ కష్టాలు అన్నీ చెప్పాడు, హోస్ట్ కళ్లు తుడుచుకున్నాడు, చివర్లో పది నిమిషాలు మాత్రం కొత్త ప్రాజెక్ట్ గురించి. బాబాయి మాట ఏంటంటే "అంత కష్టపడి పైకొచ్చినవాడు మోసం చేస్తాడా". రిజిస్ట్రేషన్ ఇదిగో అదిగో అని తిప్పారు, గట్టిగా పోట్లాడితే ముక్కలు ముక్కలుగా కొంత వెనక్కి ఇచ్చారు, మిగతాది ఇంకా రావాలి. ఆ చానెల్‌కి రాస్తే "మేము ఇంటర్వ్యూ మాత్రమే చేశాం" అని జవాబు.

అందరూ ఇది గుర్తుపెట్టుకోండి. 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన వెంచర్‌ని, 8 ఫ్లాట్లు దాటిన అపార్ట్‌మెంట్‌ని రెరాలో రిజిస్టర్ చేయకుండా అమ్మడమే కాదు, ప్రకటన ఇవ్వడం కూడా కుదరదు. ప్రకటనలో రెరా నంబరు, వెబ్‌సైట్ అడ్రస్ ఉండాలి. తెలంగాణకి వేరుగా, ఏపీకి వేరుగా సైట్లు ఉన్నాయి, నంబరు కొడితే ప్రాజెక్ట్ వివరాలు వస్తాయి. డబ్బులిచ్చి చేయించుకున్న ఇంటర్వ్యూని ఇంటర్వ్యూ అని పిలిస్తే ఆ నంబరు చెప్పాల్సిన పని తప్పించుకోవచ్చు అన్నది వాళ్ల లెక్క.

మందుల షాపు
మా షాపుకి ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసుకుని వస్తారు, ఈ పొడి ఉందా అని. షుగర్ పూర్తిగా తగ్గిపోతుందని ఎవరో పాడ్‌కాస్ట్‌లో చెప్పారట. ఒకాయన రెగ్యులర్‌గా షుగర్ మందు మెట్‌ఫార్మిన్ తీసుకునేవాడు, నెలన్నర కనపడలేదు, తర్వాత కాలి పుండుతో వచ్చాడు. ఆయన చూసిన ఎపిసోడ్ నేనూ చూశాను. పొడి అమ్మే మనిషే గెస్ట్, మాటల్లో ఎక్కడా "కొనండి" అనడు, లింక్ మాత్రం కింద ఉంటుంది.

షుగర్ నయం చేస్తాం, కిడ్నీలో రాళ్లు కరిగిస్తాం అని ప్రచారం చేసుకోకుండా 1954 నుంచే డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ఉంది. డాక్టర్లు పేషెంట్ల కోసం ప్రకటనలు ఇచ్చుకోకూడదని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమాల్లోనూ ఉంది. కాబట్టి మెట్రో శ్రోత గారు చెప్పిన ఎపిసోడ్‌కి నిజంగా డబ్బు ఇచ్చి ఉంటే, అది ఎందుకు చెప్పలేదో మీకు ఇక అర్థమవుతుంది.

పాత డెస్క్
న్యూస్ పేపర్ డెస్క్‌లో చాలా ఏళ్లు చేశాను. 2009 ఎన్నికలప్పుడు జిల్లా ఎడిషన్లలో ఒకే పేజీలో ఇద్దరు ప్రత్యర్థులకీ "విజయం ఖాయం" అని వార్తలు వచ్చాయి, రెండూ డబ్బులకి వేసినవే. పెయిడ్ న్యూస్ మీద ప్రెస్ కౌన్సిల్ వేసిన ఉపసంఘంలో ఇద్దరే సభ్యులు, పరంజయ్ గుహా ఠాకుర్తా, మన కె. శ్రీనివాస్ రెడ్డి. పత్రికల పేర్లతో సహా రాశారు. 2010లో కౌన్సిల్ ఆ నివేదికను పూర్తిగా బయటపెట్టలేదు, కేంద్ర సమాచార కమిషన్ ఆదేశం తర్వాత 2011లో వచ్చింది.

పేపర్‌లో కనీసం పాఠకుడికి ఒక ఆసరా ఉండేది. ఫాంట్ తేడాగా ఉండటం, చుట్టూ గీత, మూలన చిన్న అక్షరాల్లో "ప్రకటన". చెవితో వినేదానిలో అవేవీ లేవు. అదే గొంతు, అదే చనువు. పైగా పేపర్‌కి ఎడిటర్, యూనియన్, ప్రెస్ కౌన్సిల్ అని అడగడానికి ఎవరో ఒకరు ఉండేవాళ్లు, సరిగ్గా అడిగారా అన్నది వేరే సంగతి. పాడ్‌కాస్ట్‌లో హోస్టే ఎడిటర్, హోస్టే యాడ్ డిపార్ట్‌మెంట్.

చిన్న చానెల్
నేను శాసనాలు, పాత గుళ్ల చరిత్ర మీద చిన్న పాడ్‌కాస్ట్ చేస్తాను. ఇటువైపు నుంచి కూడా వినండి. యూట్యూబ్ యాడ్ డబ్బు పెట్రోల్‌కి కూడా రాదు, ఊళ్లు తిరగాలి, మైకులు కొనాలి. స్పాన్సర్ లేకుండా నడవదు.

ఒకప్పుడు నాకు వచ్చిన మెయిల్స్‌లో ఎక్కువ బెట్టింగ్ యాప్‌లవే. చరిత్ర చెప్పే చానెల్‌కి కూడా! అందులో కొన్ని నెలల ఖర్చుకి సరిపడా ఇస్తామన్నారు. ఒప్పుకోలేదు, ఆ యాప్‌ల అప్పుల్లో పడి ప్రాణాలు తీసుకున్న కుర్రాళ్ల వార్తలు మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని చూశాం. 2025 మార్చిలో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు సినిమా నటుల మీద, ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద కేసులు పెట్టాక, ఆగస్టులో కేంద్రం ఆన్‌లైన్ గేమింగ్ చట్టం తెచ్చాక ఆ మెయిల్స్ ఆగిపోయాయి. డబ్బు పెట్టి ఆడే ఆటలకి ప్రచారం చేస్తే రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా అని అందులో ఉంది. ఇప్పుడు వాటి స్థానంలో ట్రేడింగ్ కోర్సులు వస్తున్నాయి. స్టాక్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ దగ్గర రిజిస్ట్రేషన్ నంబరు అడిగితే తిరిగి మెయిల్ రాదు.

నా పద్ధతి ఇది. స్పాన్సర్ ఎవరో మొదటి నిమిషంలోనే చెప్తాను, ఎంత సేపు వాళ్ల గురించి మాట్లాడతానో అక్కడే చెప్తాను, ఎపిసోడ్ విషయానికీ స్పాన్సర్‌కీ సంబంధం ఉండనివ్వను. పుస్తకాల షాపు, నూనె మిల్లు, ఇలాంటివాళ్లు దీనికి ఒప్పుకుంటారు. "మొదట్లో చెప్పకండి, మాటల మధ్యలో సహజంగా రానివ్వండి" అన్న ఒక కంపెనీ మధ్యలోనే వెళ్లిపోయింది. వినేవాళ్లు యూపీఐలో పంపేది చాలదు, కానీ పంపేవాళ్లు కామెంట్లలో రాసేది ఒకటే, మీరు చెప్పి చేస్తారు కాబట్టి పంపుతున్నాం అని.

సూటిగా
డాక్టర్లు, ప్లాట్లు, మందుల విషయంలో మీరు చెప్పింది ఒప్పుకుంటాను, తెనాలి అబ్బాయి బాబాయిగారి సంగతి చదివాక వినేవాడే ఆలోచించుకోవాలి అనడం న్యాయం కాదనిపించింది. కానీ సినిమా ప్రమోషన్ ఇంటర్వ్యూలకి కూడా ఇదే రూల్ అంటారా?

పాత డెస్క్
@సూటిగా సినిమా రిలీజ్ వారంలో హీరో వచ్చి కూర్చుంటే ఎందుకొచ్చాడో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. నచ్చకపోతే పోయేది టికెట్ డబ్బు. అక్కడా డబ్బు చేతులు మారితే చెప్పాల్సిందే, కానీ దాన్నీ ఐవీఎఫ్‌నీ ఒకే గాటన కట్టలేం.

ఎడిటింగ్ రూమ్
రూల్స్ గురించి అడిగేవాళ్ల కోసం. అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ 2021లో ఇన్‌ఫ్లుయెన్సర్ మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో ఆడియోకి ప్రత్యేకంగా ఉంది, ప్రకటన అన్న సంగతి మొదట్లో, చివర్లో, మధ్యలో ఇచ్చే ప్రతి బ్రేక్‌కి ముందూ తర్వాతా నోటితో చెప్పాలి. రెండు నిమిషాలు దాటిన వీడియోలో ఆ బ్రాండ్ గురించి మాట్లాడుతున్నంత సేపూ లేబుల్ కనపడాలి. యూట్యూబ్‌లో అప్‌లోడ్ చేసేటప్పుడు పెయిడ్ ప్రమోషన్ అని టిక్ పెట్టే గడి ఉంటుంది, అది పెట్టినా మొదట్లో కాసేపు మూలన కనిపించి పోతుంది, ఫోన్ జేబులో పెట్టుకుని వినేవాళ్లకి అదీ తెలియదు.

ఈ కౌన్సిల్ ప్రకటనల పరిశ్రమ వాళ్లు పెట్టుకున్నది, జరిమానా వేయలేదు. కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ వేయగలదు. తప్పుదారి పట్టించే ప్రకటనకి మొదటిసారి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా, ప్రచారం చేసిన మనిషిని ఏడాది దాకా, మళ్లీ చేస్తే మూడేళ్ల దాకా ప్రచారాలు చేయకుండా ఆపొచ్చు. ఫిర్యాదుకి 1915 నంబరు ఉంది, తెలుగులో మాట్లాడొచ్చు.

మెట్రో శ్రోత
అందరికీ థాంక్స్. ఆ షోకి మెయిల్ పెట్టాను. "అది కొలాబరేషన్ ఎపిసోడ్" అని రెండు ముక్కల జవాబు వచ్చింది, డిస్క్రిప్షన్‌లో అన్నిటికంటే కింద ఆసుపత్రి పేరుతో ఆ మాట చేర్చారు. ఆడియోలో ఏమీ మారలేదు. ఫిర్యాదు పెడుతున్నాను. అక్క వేరే డాక్టర్ దగ్గర రెండో అభిప్రాయం తీసుకుంటోంది. ఎడిటింగ్ రూమ్ గారూ, ఒక డౌట్. ఈ ప్యాకేజీ అగ్రిమెంట్లలో స్పాన్సర్డ్ అని చెప్పాలన్న షరతు ఎప్పుడైనా చూశారా?

ఎడిటింగ్ రూమ్
చూశాను, ఒకే ఒక్క అగ్రిమెంట్‌లో. అది ఒక పెద్ద ఫైనాన్స్ కంపెనీది, వాళ్ల లీగల్ టీమే రాసింది, మొదటి నిమిషంలో నోటితో చెప్పాలి, స్క్రీన్ మీద కూడా ఉండాలి అని. మా స్టూడియో వాళ్లే గొణిగారు, వ్యూస్ పడిపోతాయని. చెప్పే అప్‌లోడ్ చేశాం, ఆ వారం మామూలుగా వచ్చే వ్యూస్ వచ్చాయి.