బండిలో నెట్ ఆగకుండా ఉండాలంటే వైఫై డబ్బా కొనాలా? (దేవరకొండ – మన్ననూరు రూటు)

బత్తాయి బండి:
అన్నలూ, నేను ట్రాలీ ఆటోలో బత్తాయి అమ్ముతాను. పొద్దున దేవరకొండలో బయల్దేరితే డిండి, అచ్చంపేట మీదుగా సాయంత్రానికి మన్ననూరు. పెద్ద ఊళ్ళల్లో నెట్‌కి ఢోకా లేదు. తండాల దగ్గర ఆగితేనే చిక్కు. కాయ తూచి సంచిలో పోశాక అక్క ఫోన్ తీస్తుంది, చక్రం తిరుగుతూనే ఉంటుంది. నా హాట్‌స్పాట్ ఇస్తాను. అదీ అందకపోతే "రేపొస్తవ్ గదా, రేపిస్తా" అంటుంది. రేపు నేను ఇంకో దారిన పోతాను.

మొన్న ఒకాయన "పైసలు పోయినయ్" అని ఫోన్ చూపించాడు. పైసలు పడితే అరిచి చెప్పే నా స్పీకర్ నోరు తెరవలేదు. ఆయన్ని నమ్మక కాసేపు గొడవ పడ్డాను కూడా. రెండు కిలోమీటర్లు పోయాక అది "120 రూపాయలు" అని ఒక్కసారిగా అరిచింది. ఉలిక్కిపడి బ్రేక్ వేశాను. ఆ తండాకి మళ్ళీ పోవాలంటే సిగ్గుగా ఉంది.

సిమ్ వేసుకునే చిన్న వైఫై డబ్బా కొంటే ఈ టెన్షన్ తప్పుతుందా?

అచ్చంపేట సెల్ షాపు:
ఆ డబ్బాలు అమ్మేవాణ్ణే చెప్తున్నా, కొనకు తమ్ముడూ. నీ ఫోన్‌కి అందని టవర్ దానికీ అందదు. ముందు ఆగే చోట ఎవరి ఫోన్లో సిగ్నల్ బాగుందో అడుగు, ఆ కంపెనీ సిమ్ నీ ఫోన్లో రెండోదిగా వేయి. 850, 900 మెగాహెర్ట్జ్ సిగ్నల్ దూరం పోతుంది. 2300ది టవర్ దగ్గర స్పీడే గానీ తొందరగా చేతులెత్తేస్తుంది. పైసలు పడటానికి స్పీడుతో పనేముంది?

ఇంకోటి, చాలా స్పీకర్లలో సిమ్ వేరే ఉంటుంది, నీ ఫోన్‌తో సంబంధం ఉండదు. అది మాట్లాడలేదని గొడవ పడకు, ఫోన్లో యాప్ తెరిచి చూసుకో. హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో 2.4 గిగాహెర్ట్జ్ పెట్టు, పాత ఫోన్లకి 5 గిగాహెర్ట్జ్ కనబడదు. ఫోన్‌ని ఎండలో అద్దం ముందు పెట్టకు, వేడెక్కితే ఛార్జింగే ఎక్కదు.

శ్రీశైలం తుఫాన్:
నేను నా తుఫాన్ బండి టాప్ మీద యాంటెన్నా పెట్టించా. ఒక గీత ఉన్నచోట రెండు చేస్తుంది, సున్నా ఉన్నచోట సున్నాయే. మన్ననూరు చెక్‌పోస్ట్ దాటితే అమ్రాబాద్ పులుల అడవి. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లనే పోనివ్వరు, ఇంక నెట్ సంగతి చెప్పాలా! ప్యాసింజర్లకి ముందే చెప్పేస్తా, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుంటా. నీకైతే ఫోన్లో డయల్ చేసే స్టార్ 99 హ్యాష్ (*99#) ఉంది. నెట్ లేకున్నా కాల్ సిగ్నల్ ఉంటే చాలు, బ్యాంకుకిచ్చిన నంబర్ నుంచి పైసలు పంపొచ్చు. కాకపోతే అంకెలు నొక్కీ నొక్కీ అక్కలకి విసుగొస్తుంది.

బత్తాయి బండి:
డబ్బా కొనలేదు, రెండో సిమ్ వేశా. డిండి అవతలి తండాలో పైసలు పడ్డది ఇప్పుడు ఫోన్లోనే కనబడుతోంది. ఆ పెద్దాయనకి అరడజను కాయలు ఊరికే ఇచ్చొచ్చా. కొత్త తిప్పలేంటంటే, హాట్‌స్పాట్ పాస్‌వర్డ్ పిల్లలకి తెలిసిపోయింది. బండి ఆగగానే పదిమంది చుట్టూ మూగుతున్నారు, ఒక్కడూ కాయ కొనడు.