ఎర్నీ లాడ్ ఫుట్‌బాల్ వదిలి రెజ్లింగ్‌కి పోవడం దండగేనా?

ఎర్రబస్సు:
డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (అమెరికా కుస్తీ కంపెనీ, ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ) అనగానే మనకి కార్డులాట గుర్తొస్తుంది. ఎర్నీ లాడ్ అంతకుముందు తరం. 6 అడుగుల 9 అంగుళాల మనిషి, 1961లో శాన్‌డియాగో చార్జర్స్‌లో డిఫెన్సివ్ ట్యాకిల్ (ఎదుటి జట్టుని లైన్ దగ్గరే అడ్డుకునేవాడు; ఇది అమెరికా ఫుట్‌బాల్, మన ఫుట్‌బాల్ కాదు). 1963 సీజన్లో బోస్టన్‌ని 51-10తో చితక్కొట్టి ఏఎఫ్ఎల్ (అప్పటి అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) టైటిల్ కొట్టారు. సీజన్ లేనప్పుడు రెజ్లింగ్ చేసేవాడు, 1968 తర్వాత పూర్తిగా అదే. ఆ మరుసటి సీజన్లోనే అతను చివరగా ఆడిన జట్టు కేన్సస్ సిటీ చీఫ్స్ సూపర్ బౌల్ (ఆ ఆటలో అన్నిటికన్నా పెద్ద ఫైనల్) గెలిచింది! ఎవరు గెలవాలో ముందే రాసిపెట్టుకున్న కుస్తీ కోసం ఇదంతా వదులుకుంటారా ఎవరైనా?

హ్యూస్టన్_బాబాయ్:
మోకాళ్లు పోయాయండీ. ఆ సైజు మనిషికి మోకాళ్లు పోతే లైన్‌లో ఏం చేస్తాడు? పైగా రెజ్లింగ్‌లోనే డబ్బులెక్కువ. చార్జర్స్‌తో జీతం గొడవలు పడి, 1966లో మా ఊరి ఆయిలర్స్ జట్టుకి వచ్చాడు. శనాదివారాలు పిల్లలకి లెక్కలు చెబుతున్నానని మా పాత కంపెనీ హెచ్ఆర్ నన్ను పిలిచి క్లాస్ పీకారు, హైక్ అడిగితే మాత్రం బడ్జెట్ లేదన్నారు. రెండో పని ఎందుకు చేస్తారో జీతం ఇచ్చేవాళ్లకి ఎప్పటికీ అర్థం కాదు.

ఎర్రబస్సు:
మీ హెచ్ఆర్ సంగతి ఇక్కడెందుకండీ. సూపర్ బౌల్ గురించి చెప్పండి.

పేరులేదు:
మోకాళ్లు పోయినోడు రింగులో ఎలా దూకాడు బ్రో 😂

హ్యూస్టన్_బాబాయ్:
దూకలేదు. మైకు పట్టుకుని జనాన్ని రెచ్చగొట్టేవాడు, అది సగం ఆట.

ఎర్రబస్సు:
నా పాయింటే అది. ఆట కాదు, నాటకం.

వరంగల్_శీను:
అన్నా, ఒక్క ముక్క. 1965 జనవరిలో ఏఎఫ్ఎల్ ఆల్‌స్టార్ గేమ్ (లీగ్‌లో మేటి ఆటగాళ్ల మ్యాచ్) న్యూ ఆర్లీన్స్‌లో పెట్టారు. నల్ల ఆటగాళ్లను టాక్సీలు ఎక్కించుకోలేదు, క్లబ్బుల్లోకి రానివ్వలేదు. 21 మంది ఆడం పొమ్మన్నారు, వాళ్లలో లాడ్ ముందు వరసలో ఉన్నాడు. దెబ్బకి మ్యాచ్ హ్యూస్టన్‌కి మారింది. సూపర్ బౌల్ గెలిచినోళ్లకిచ్చే ఉంగరం లేదని ఏడ్చేవాళ్లు ఇదెందుకు లెక్కేయరు?

ఎర్రబస్సు:
సరే, అదే మనిషి తర్వాత రింగులో విలన్ వేషం కట్టి, టికెట్ కొన్న తెల్లవాళ్లతో తిట్టించుకున్నాడు. అక్కడ పౌరుషం, ఇక్కడ వ్యాపారమా?

వరంగల్_శీను:
రెండూ ఒకటెట్లయితయన్నా! న్యూ ఆర్లీన్స్‌లో అతను నోరు తెరవకముందే రంగు చూసి పొమ్మన్నారు. రింగులో తను అన్న మాటలకి తిట్టారు, ఆ తిట్లకి డబ్బు తనే తీసుకున్నాడు. అప్పట్లో ప్రమోటర్లు నల్ల రెజ్లర్లకి ఎక్కువగా మంచివాడి వేషాలే ఇచ్చేవాళ్లు, ఎదురు మాట్లాడే పొగరుబోతు వేషం ఇవ్వడానికి భయం. లాడ్ అదే కట్టాడు. 1995లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఊరికే పెట్టలేదు.

పేరులేదు:
ఆండ్రే ది జెయింట్‌తో కూడా కొట్టుకున్నాడు కదా, ఎవరు గెలిచారు?

ఎర్రబస్సు:
ఎవరు గెలవమంటే వాళ్లే గెలుస్తారు! మీకెవరికీ అర్థం కావట్లేదు. మా తమ్ముడు స్టేట్ కబడ్డీ దాకా వెళ్లాడు. బూట్లు, క్యాంపు ఫీజులు, బస్సు చార్జీలు అన్నీ నా జీతంలోంచే. ఇప్పుడు దుబాయ్‌లో జిమ్ ట్రైనర్, కబడ్డీ పేరెత్తితే ఫోన్ పెట్టేస్తాడు. ఆట నీదొక్కడిదే కాదు, నీ మీద పెట్టినవాళ్లది కూడా. లాడ్‌కి గ్రాంబ్లింగ్ కాలేజీలో ఎడ్డీ రాబిన్సన్ అంతటి కోచ్ ఆట నేర్పాడు, ఆయనకేం సమాధానం చెప్తాడు?

హ్యూస్టన్_బాబాయ్:
ఎనిమిది సీజన్లు ఆడాడండీ, ఇంకా ఎంత కావాలి? కోచ్ నేర్పాడని చచ్చేదాకా బాకీ ఉంటాడా? చార్జర్స్ వాళ్లు కూడా అచ్చం ఇలాగే అనుకుని ఉంటారు.

ఎర్రబస్సు:
బాకీ అని నేనన్నానా? మీరు తమ్ముణ్ని చదివించుంటే తెలిసేది.

వరంగల్_శీను:
అన్నా, తమ్ముడు నెలనెలా ఇంటికి పంపిస్తున్నడా లేదా?

ఎర్రబస్సు:
పంపిస్తాడు. అది వేరే విషయం.